కొట్టు యజమాని పోయాక పన్ను సంగతి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగలాంటి సభలో చావు కబురు ఎత్తుతున్నందుకు ముందుగా మన్నించమని కోరుతున్నాను. మనలో కొందరు రిటైరయ్యాక చిన్న వ్యాపారాలు పెట్టారు. మరికొందరి పిల్లలకో, తమ్ముళ్లకో కొట్లున్నాయి. పెన్షనరు పోతే ఏ కాగితాలు పెట్టాలో మన సంఘం చెబుతుంది. కొట్టు యజమాని పోతే చెప్పేవారు తక్కువ. నేను ముప్ఫయ్యేళ్లు అకౌంట్సు సెక్షన్లో పనిచేసి కూడా మా ఇంట్లో జరిగిన పొరపాట్లను ఆపలేకపోయాను. అవే మనవి చేస్తాను.

మా తమ్ముడికి తెనాలిలో హార్డ్‌వేర్ కొట్టు ఉండేది. 2021 నవంబరులో గుండెపోటుతో పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడే వాడి కొడుకు కొట్టు తెరిచాడు. బిల్లు పుస్తకం తండ్రిది, పాన్ నంబరు తండ్రిది, బ్యాంకు ఖాతా తండ్రిది. "పెదనాన్నా, ఇలాగే నడపనా?" అని అడిగాడు. "ముందు కొట్టు నిలబెట్టరా, కాగితాల సంగతి తరవాత చూద్దాం" అన్నాను. ఆ "తరవాత" అన్న మాటే మా కొంప ముంచింది.

సొంత కొట్టు అయితే పన్ను లెక్కలో మనిషీ వ్యాపారమూ ఒకటే. మనిషి పోయిన రోజుతో ఆయన లెక్క ముగుస్తుంది. ఏప్రిల్ 1 నుంచి మరణించిన తేదీ వరకు ఉన్న ఆదాయానికి ఆయన పాన్ మీదే, ఆయన ప్రతినిధిగా వారసుడు రిటర్ను వేయాలి. ఆ తరవాతి వ్యాపారం వారసుడి సొంత పాన్ మీద నడవాలి. మేము ఈ లెక్క విడదీయలేదు.

ఆ ఏడు కరోనా దెబ్బకు తమ్ముడికి నాలుగు లక్షల పైచిలుకు నష్టం వచ్చింది. వ్యాపారం వారసత్వంగా వస్తే ఆ నష్టం కూడా వారసుడికి వస్తుంది. ఎనిమిదేళ్ల గడువులో మిగిలిన కాలంలోగా తన వ్యాపార లాభంలో తగ్గించుకోవచ్చు. అయితే నష్టం వచ్చిన ఏటి రిటర్ను గడువులోగా వేసి ఉండాలి. మాకు గడువు 2022 జూలై 31. లెక్కలు విడదీసి వేసేసరికి డిసెంబరు వచ్చింది. నష్టం తగ్గించుకునే హక్కు పోయింది.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. 2022లో తమ్ముడి గోడౌను అమ్మించి, వాడి కూతుళ్లిద్దరికీ వాటాలు ఇప్పించాను. ఆడపిల్లలకు న్యాయం జరిగిందని సంతోషించాను. మరుసటి ఏడు, తమ్ముడు బతికున్న కాలానికి చెందిన పన్ను నోటీసు అతని పేరుతోనే వచ్చింది. మా మరదలు వణికిపోతూ, "బావగారూ, మా అమ్మ ఇచ్చిన ఇల్లు కూడా పోతుందా?" అని అడిగింది.

పోదు. చనిపోయినవారి పన్ను బాకీని వారసులు కట్టాలి గాని, వారి నుంచి వచ్చిన ఆస్తి మేరకే. వారసుల సొంత ఆస్తికి దానితో సంబంధం లేదు. కాని ఇందులో ఒక మెలిక ఉంది. బాకీ ఉండగా ఆ ఆస్తిని అమ్మినా, తాకట్టు పెట్టినా, పంచినా, ఆ విలువ మేరకు ఆ పని చేసిన వారసుడు సొంతంగా బాధ్యుడవుతాడు. మా వాడు సరిగ్గా అదే చేశాడు, అదీ నా సలహా మీద. చెల్లెళ్లను తిరిగి ఇమ్మని అడగలేక అప్పుచేసి కట్టాడు. నన్ను ఇంతవరకు ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదనిపిస్తుంది.

ఇవి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 159వ సెక్షన్లోని సూత్రాలు. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే 2025 నాటి చట్టంలో సెక్షన్ల నంబర్లు మారినా సూత్రం అదే.

కనుక నా మనవి ఇది. మరణ ధ్రువపత్రం చేతికి రాగానే ఆదాయపు పన్ను పోర్టల్లో వారసుడుగా నమోదు చేయించుకోండి. వారసత్వ రుజువుగా రెవెన్యూ వారిచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం గాని, రిజిస్టరు వీలునామా గాని, ప్రభుత్వమిచ్చే ఫ్యామిలీ పెన్షన్ పత్రం గాని చెల్లుతుంది. జీఎస్టీ ఉన్న కొట్టయితే వారసుడు తన పేర కొత్త రిజిస్ట్రేషన్ తీసుకుని, పాత ఖాతాలో మిగిలిన పన్ను క్రెడిట్‌ను ఐటీసీ-02 ఫారంతో మార్చుకోవచ్చు. చనిపోయినవారి పేర నోటీసు వస్తే మూలన పడేయకండి. మరణ ధ్రువపత్రం జతచేసి, వారసులెవరో తెలుపుతూ గడువులోగా జవాబివ్వండి. పన్ను బాకీ తేలేవరకు పంపకాలు ఆపండి. రిటర్నులు, రిఫండులు అన్నీ పూర్తయ్యాకే పాత పాన్ సరెండరు చేయండి.

వారసత్వంగా ఆస్తి రావడం మీద పన్ను లేదు. ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది. ఆ ఆస్తి మీద వచ్చే రాబడికీ, అమ్మితే వచ్చే లాభానికే పన్ను. కాబట్టి భయపడి దాచవలసింది ఏమీ లేదు.

కొట్టున్నవారు ఇంటికి వెళ్లగానే ఒక కాగితం మీద పాన్, జీఎస్టీ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఇవ్వవలసినవి, రావలసినవి, ఆడిటరు పేరు రాసి ఇంట్లోవాళ్లకు చూపించండి. మా తమ్ముడు ఆ ఒక్క కాగితం రాసి ఉంటే, నేను "తరవాత" అని ఉండేవాణ్ణి కాదు.