పాత తోట ట్రాక్టరులు – విడిభాగముల వేట

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగమునకు మేము ఎన్నుకొన్న విషయము సాహిత్యము కాదు, భాషాహక్కులును కావు. పెరటి పాకలోనో చింతచెట్టు క్రిందనో తుప్పుపట్టి పడియున్న పాత తోట ట్రాక్టరును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. తండ్రి కొనగా కుమారుడు వాడినది, మనుమని కాలమునకు మూలబడును. పాత ఇనుము కొనువాడు వచ్చి తూకపు ధర చెప్పగనే దానిని అప్పగించుటయా, లేక బాగుచేయించుటయా అను ప్రశ్న సేద్యము చేయు కుటుంబములకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురగుచునే యున్నది.

మా అభిప్రాయమును మొదటనే చెప్పెదము. పాత యంత్రము అరుగుదలచేత చచ్చుటకంటె తన గుర్తులను కోల్పోవుటచేత చచ్చుట యెక్కువ. నంబరు పలక ఊడిపోవును, పుస్తకము చెదలపాలగును, విప్పిన ముక్క ఎక్కడనో పడిపోవును, తెలిసిన మిస్త్రీ గతించును. అటుపిమ్మట అంగడికి పోయినవాడు ముక్క దొరకక కాదు, ఏ ముక్క కావలెనో చెప్పలేక వట్టిచేతులతో తిరిగివచ్చును.

తోట ట్రాక్టరు విశేషముగా పెరిగిన దేశము అమెరికా. అచ్చట పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున బెంజమిన్ గ్రేవ్లీ అను ఛాయాచిత్రకారుడు, వెనుక నడచుచు చేతులతో పట్టి నడుపు మోటారు నాగలికి 1916లో పేటెంటు పొందెను. ఇండియానా రాష్ట్రపు సౌత్ బెండ్ పట్టణమున పాండ్ కుటుంబమువారు 1946లో ఆరంభించిన వ్యాపారము వీల్ హార్స్ అను పేర ప్రసిద్ధమాయెను. పెద్ద ట్రాక్టరులు చేయు ఇంటర్నేషనల్ హార్వెస్టరు సంస్థ 1960వ దశకపు ఆరంభమున కబ్ కేడెట్ అను చిన్న ట్రాక్టరును విపణిలోనికి తెచ్చెను. ఈ సంస్థలు స్థిరముగా నిలువలేదు. కబ్ కేడెట్ వ్యాపారము 1981లోను, వీల్ హార్స్ 1986లోను చేతులు మారెను. అయినను అరువదేండ్లు గడచిన ఆ బండ్లలో పెక్కు నేటికిని నడచుచున్నవి. కారణమేమి?

మొదటి కారణము ఇంజను. ఆ తయారీదారులలో పలువురు ఇంజనును తాము చేయక, కోహ్లర్, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వంటి సంస్థల ఇంజనులను కొని బిగించిరి. ఒకే ఇంజను పలు సంస్థల బండ్లలో నుండుటచే, ఒక బండి తయారీ ఆగినను ఆ ఇంజను ముక్కలకు గిరాకి ఆగలేదు. కోహ్లర్ 'కె' తరగతి ఇంజనుల సిలిండరు పోతయినుముతో చేసినది. అది అరిగినచో అంగుళమున వేయింట పదియో, ఇరువదియో, ముప్పదియో వంతులు పెద్దదిగా తొలిపించి, అందుకు సరిపడు పిస్టనును వేయుదురు. రెండవ కారణము, బేరింగులు, సీలులు, బెల్టులు సర్వత్ర అంగీకృతమైన కొలతలవి యగుట. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: యజమానులు నడుపుడు పుస్తకములను, విడిభాగముల పట్టికలను దాచి, నకలు తీసి, ఒకరికొకరు ఇచ్చుకొనిరి. ఇనుము నిలిచినది ఆ కాగితములవలననే యని మా నమ్మకము.

మన దేశమున చిన్న కమతములలో ఆ పనికి వచ్చినది పవర్ టిల్లరు. బెంగుళూరులో వి.ఎస్.టి. సంస్థ 1967లో జపాను దేశపు మిత్సుబిషివారి సహకారముతో ఏర్పడెను. కేరళమున 1973లో నెలకొన్న కామ్కో సంస్థ కుబోటావారి నమూనాను చేపట్టెను. వీనిలో సాధారణముగా నుండునది ఒకే సిలిండరుతో పడుకొనియుండి నీటితో చల్లబడు డీజిలు ఇంజను. దాని బలము బెల్టుల ద్వారా క్లచ్చునకును, అచ్చటినుండి గేరు పెట్టెకును పోవును. నిర్మాణము సులభమైనది. గేరు పెట్టె, ఇంజను గుల్ల పగులక యున్నచో, ఎంత తుప్పుపట్టినను మరల నడువ వీలున్న యంత్రమిది. అవి రెండును పగిలినచో మాత్రము లెక్క వేసుకొని, ముక్కలకొరకు అట్టిపెట్టుకొనుటయే మేలు.

బాగుచేయుట విప్పుటతో ఆరంభము కారాదు. మొదట నంబరు పలకను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, నమూనా పేరు, ఇంజను నంబరు, చాసిస్ నంబరు వేర్వేరుగా వ్రాసికొనవలెను. నేడు ప్రతివారి చేతను సెల్‌ఫోను గలదు. ఒక్కొక్క ముక్క విప్పకముందు ఒక ఛాయాచిత్రము, విప్పిన పిదప మరియొకటి తీయుట శ్రమ కాదు. బోల్టులను ఏ భాగమునుండి తీసిన వానిని ఆ భాగపు సంచిలో వేసి పేరు వ్రాయవలెను. బిగిసిపోయిన ఇంజనును గడ్డపారతో త్రిప్పరాదు. సిలిండరులో పలుచని నూనె పోసి కొన్ని దినములు నాననిచ్చి, ఫ్లైవీలును చేతితో కొంచెము కొంచెముగా ముందునకును వెనుకకును కదపవలెను.

ఇక ముక్కల సంగతి. వీనిని మూడు తరగతులుగా విభజించుకొన్నచో తిరుగుట సగము తగ్గును.

మొదటి తరగతివి కొలతనుబట్టి బజారున దొరకునవి. బేరింగు అంచుమీద 6205 అని యున్నచో లోపలి వ్యాసము 25 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసము 52, మందము 15 అని యర్థము. చేసినవారు జపానువారైనను జర్మనులైనను ఆ అంకె మారదు. ఆయిల్ సీలునకు ఇరుసు వ్యాసము, అది కూర్చుండు గుంట వ్యాసము, మందము అను మూడు కొలతలు చాలును. వి-బెల్టులలో 'ఎ' రకము పైవెడల్పు 13 మిల్లీమీటర్లు, 'బి' రకమునకు 17. సామాన్యముగా ప్రక్కనున్న అంకె పొడవును అంగుళములలో తెలుపును. బండి పేరు చెప్పి అడిగినప్పుడు "అది ఇప్పుడు రాదండీ" యనెడి అంగడివాడే, కొలత చెప్పి అడిగినచో అరలోనుండి తీసి యిచ్చును.

రెండవ తరగతివి చేయించుకొనదగినవి. పిన్నులు, బుష్షులు, చిన్న ఇరుసులు లేతు మిస్త్రీ చేయగలడు. గాస్కెట్టును తగిన షీటునుండి కత్తిరింపవచ్చును. పోతయినుప మూతవంటిది పగిలినచో ఫౌండ్రీలో పోయింపవచ్చును. కాని పాత ముక్కనే అచ్చుగా ఇసుకలో అదిమినచో క్రొత్తది చిన్నదగును. ఏలయన పోతయినుము చల్లారునప్పుడు నూటికి సుమారు ఒక వంతు కుదించుకొనును. అచ్చును ఆ మేరకు పెద్దదిగా చేయించి, తొలిచి చదును చేయవలసిన చోట మరికొంత మందము విడువవలెను.

ఈ విద్య మనవారికి పరాయిది కాదు. పోతపనికిని పంపులకును పేరుపొందిన కోయంబత్తూరును యంత్రనగరముగా తీర్చినవారిలో తెలుగు కుటుంబములవారు కలరు. జి.డి. నాయుడుగారు (1893–1974) యౌవనమున ఒక మోటారు సైకిలును కొని, విప్పి, మరల కూర్చి యంత్రవిద్య నేర్చుకొనిరని ప్రసిద్ధి. తరువాత డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి 1937లో విద్యుత్ మోటారును తయారుచేసిరి. విప్పినదానిని మరల కూర్చగలుగుటయే వారి మొదటి పాఠశాల.

మూడవ తరగతివి చేయించరానివి. డీజిలు పంపులోని ప్లంజరును బారెలును జంటగా రాపాడించి అమర్చినవి. అందు ఒకదానిని మాత్రమే మార్చరాదు. గేరు చక్రములు గట్టిపరచిన ఉక్కువి. మెత్తని ఇనుముతో చేయించినచో పండ్లు త్వరలోనే అరిగిపోవును. ఇట్టివి తయారీదారునియొద్దనో, అదే నమూనాకు చెందిన మరియొక పాత బండినుండియో తీసికొనవలెను. కావుననే మూలబడిన బండిని తూకమునకు అమ్మకముందు ఇరుగుపొరుగు గ్రామములలో విచారింపుడని మా ప్రార్థన. ఈ ఇంట గేరు పెట్టె, ఆ ఇంట ఇంజను బాగున్నచో రెండు చచ్చిన బండ్లనుండి ఒక బ్రతికిన బండి లేచును.

రెండు హెచ్చరికలు. పాత క్లచ్చు పలకలలోను గాస్కెట్టులలోను ఆస్బెస్టాసు ఉండవచ్చును. దాని ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరము. ఊదక, పొడిగా గీకక, తడిపి తుడువవలెను. రెండవది, టిల్లరు పల్లమునకు దిగునప్పుడు ఒక ప్రక్క స్టీరింగు క్లచ్చును నొక్కినచో ఆ చక్రము ఇంజను పట్టు వదలి వేగముగా దొర్లును. బండి మనము తలచిన ప్రక్కకు గాక ఎదుటి ప్రక్కకు తిరుగును. బాగుచేసిన బండిని క్రొత్తగా నడుపు యువకులకు ఈ సంగతి ముందుగా చెప్పవలెను.

చివరగా మన సంఘమునకు సంబంధించిన మాట. మన పెద్దలు బెల్టు కొలతలను, బేరింగు నంబరులను, ఏ దినమున ఏ ముక్క మార్చిరో ఆ వివరములను లెక్కపుస్తకములలో తెలుగున వ్రాసియుంచిరి. నేడు ఆ యింటి బాలురు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో చదువుచున్నారు. ఇంట తెలుగు మాటలాడుదురు గాని పలువురు తెలుగు చదువలేరు. తాతగారి పుస్తకము అటకమీద నుండగా, మనుమడు అదే ముక్కకై ఊరూర తిరుగుచున్నాడు. అంకెకు భాషాభేదము లేకపోవచ్చును. కాని ఆ అంకె ఏ ముక్కదో చెప్పు మాట తెలుగున నున్నది.

కావున మా సూచన ఇది. పాత ట్రాక్టరుగాని, టిల్లరుగాని, ఆయిలింజనుగాని యున్న ప్రతి కుటుంబమువారును నంబరు పలక నకలును, తమకు తెలిసిన కొలతలను సంఘ గ్రంథాలయమునకు అందజేయవలెను. వానిని ఒక పెద్ద పుస్తకమున ముక్క పేరు తెలుగునను, ఇచ్చటి అంగడిలో వాడుక పేరు రాష్ట్ర భాషలోను, ప్రక్కన కొలతతో వ్రాసియుంచెదము. వ్రాయు పనిని బాలురకు అప్పగించెదము. పెద్దలు ప్రక్కన కూర్చుండి చదివి చెప్పవలెను. అట్లు పది ఇండ్ల బండ్లు లేచినను మేలే. తాత వ్రాసిన పుటను మనుమడు చదువగలిగినచో అది అంతకంటె మేలు. రాబోవు ఆదివారము మొదలుకొని గ్రంథాలయమున ఆ పుస్తకము తెరచియుండును. అటకమీది పుస్తకములతో దయచేయుడు.