ఒక చరిత్ర గ్రంథముపై మన పాఠకుల తలంపులు

(కొల్నారలో మన సంఘ పాఠకగోష్ఠియందు చేసిన ప్రసంగము)



స్టీఫెన్ నీల్ రచించిన భారతదేశ క్రైస్తవ చరిత్రను గూర్చి మన సభ్యులు తెలిపిన అభిప్రాయములను క్రోడీకరించి చెప్పుమని పెద్దలు మమ్ము కోరినారు. అభిప్రాయములు ఏకముగా లేవు. అది మంచిదే యని మేము తలంచుచున్నాము.

గ్రంథకర్త తిరునెల్వేలిలో బిషప్పుగా పనిచేసినవారు. ఇంగ్లీషులోనున్న ఈ రెండు సంపుటములు 1984, 1985 సంవత్సరములలో కేంబ్రిడ్జినుండి వెలువడినవి. మొదటిది 1707 వరకును, రెండవది 1858 వరకును జరిగిన కథను చెప్పును.

తోమా అపొస్తలుడు క్రీ. శ. 52లో మలబారు తీరమున దిగెనను కేరళ క్రైస్తవుల నమ్మకమును నీల్ గౌరవించిరి. కాని దానిని నిశ్చయమని చెప్పుటకు సాక్ష్యము చాలదనిరి. కొందరు సభ్యులకు ఇది నొప్పి కలిగించినది. నమ్మినవాడే సాక్ష్యమును అడుగుట నిజాయితీ యని మరికొందరు మెచ్చుకొనిరి. మేమును ఈ రెండవ పక్షమువారమే.

ఇట్టి చరిత్రలలో దొరల పేర్లే మిక్కిలిగా వినిపించునని పలువురు ఆక్షేపించిరి. ఇందు కొంత న్యాయము కలదు. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డెస్ గ్రాంజెస్‌ల పేర్లు ఎరిగినవారిలో ఎందరికి, సువార్తలను తెలుగు చేయుటలో వారికి తోడ్పడిన ఆనందరాయరు పేరు తెలియును? అయినను పర్లాకిమిడి ప్రాంతపువాడైన పురుషోత్తమ చౌధరి (1803–1890) మరుగున పడలేదు. ఆయన కీర్తనలను తెలుగు సంఘములు నేటికిని పాడుచుండుటయే అందుకు కారణము. నోటిలో నిలిచిన పేరు నశింపదు.

అన్నిటికంటె బలమైన ఫిర్యాదు వేరొకటి: “మన కొండల మాట ఇందు లేదేమి?” దీనికి సమాధానము గ్రంథపు హద్దులోనే యున్నది. జర్మనీలోని బ్రెక్లుమ్ నుండి బోత్మన్, పోల్ అనువారు కోరాపుటునకు వచ్చినది 1882లో. అనగా నీల్ కథ ముగిసిన 24 ఏండ్లకు. జయపురపు లూథరన్ సంఘము ఏర్పడినది 1928లో. అప్పటికి ఈ సీమ విశాఖపట్టణము జిల్లాలోనిదే; 1936లో ఒరిస్సాలో చేరినది. కావున చెప్పని మాటకు గ్రంథకర్తను నిందించుట తగదు. ఆ మాటను చెప్పవలసినవారము మనమే.

మనలో హిందువులును క్రైస్తవులును గలరు. ఈ పని ఒక్క మతమువారిది కాదు; మన తెలుగు కుటుంబము లన్నిటిది. పాత బైబిలు మొదటి పుటలపై తాతలు వ్రాసిన జనన మరణములు, గుడి లెక్కలు, సమాధి రాళ్లపై తెలుగు అక్షరములు, ఇవే మన మూలములు. ఒరియా బడులలో చదివిన మనుమలు ఆ అక్షరములను కూడబలుకుకొని చదువుచున్నారు. వారి పిల్లలు చదువగలరో లేదో!

కాబట్టి మా మనవి యొక్కటే. కాగితము పొడియై రాలకముందే ప్రతి ఇంటివారును తమయొద్దనున్న పేరు, ఊరు, సంవత్సరము తెలుగు, ఒరియా లిపులు రెంటను ప్రతి వ్రాసి రాబోవు గోష్ఠికి తేవలెను. అసలు ప్రతి ఇంటనే యుండనిండు. తెలియని చోట ఊహింపక ఖాళీ విడువుడు. నీల్ గ్రంథమునుండి మనము నేర్వదగిన పాఠము అదియే.