ఎవరి మాట ఎక్కడిదాకా?

2016 దాకా మన సిద్దిపేట మెదక్ జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లాలోని కొల్చారమే మల్లినాథ సూరి ఊరని చెబుతారు. కాళిదాసు రఘువంశానికి, కుమారసంభవానికి, మేఘసందేశానికి సంజీవని వ్యాఖ్య రాసిన పండితుడాయన.

ఇతరుల మాటను మన రాతలో ఎట్లా చూపాలో ఆయన దగ్గరే నేర్చుకోవచ్చు. తాటాకు మీద కొటేషన్ గుర్తులు లేవు, పేరాలు లేవు, మాటకూ మాటకూ మధ్య జాగా కూడా ఉండేది కాదు. మరి కవి మాటేది, వ్యాఖ్యాత మాటేది? మల్లినాథుడు శ్లోకంలోని పదాన్ని ఎత్తుకుని, వెంటనే అర్థం చెబుతాడు. దానికి ఆధారంగా అమరకోశమనే నిఘంటువులోని ముక్క పెట్టి, చివర 'ఇత్యమరః', అంటే 'అని అమరుడు' అంటాడు. అక్కడితో అరువు మాట అయిపోయింది, తర్వాతిది మళ్లీ తనది. వైజయంతి నిఘంటువైతే దాని కర్త పేరుతో 'ఇతి యాదవః'. మూలం లేనిదేదీ రాయనని మొదట్లోనే మాటిచ్చిన మనిషి మరి!

అచ్చు వచ్చాక పని సులువైంది. శ్లోకానికి పెద్ద అక్షరాలు, వ్యాఖ్యకు చిన్నవి. ఇప్పుడైతే చిన్న మాటకు కొటేషన్ గుర్తులు చాలు. నాలుగైదు వాక్యాలుంటే వేరే పేరాగా, ఎడమ అంచు నుంచి కాస్త లోపలికి జరిపి వేస్తారు. మధ్యలో వదిలేసిన చోట మూడు చుక్కలు. గుర్తు తెరిచి మూయడం మరిచేవాళ్లే ఎక్కువ, నన్నడిగితే అసలు తెరవకపోవడమే నయం.

మా రేడియోలో ఇవేవీ కనబడవు. పేరు ముందే చెప్పకపోతే, మధ్యలో రేడియో పెట్టినవాళ్లు అది మా మాటే అనుకుంటారు.