దుప్పివేటకు వెంటబోవు పసివాడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



కార్తికము దాటునప్పటికి అమెరికా దేశపు ఉత్తర రాష్ట్రములలో ఆకు రాలి, అడవి బోడియై, తెల్లవారుజామున గడ్డిపై మంచు పేరుకొనును. ఆ దినములలో విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా రాష్ట్రముల పల్లెలందు జరుగు సంరంభము మన సంక్రాంతికి తీసిపోదు. అది దుప్పివేట కాలము. నవంబరు నాలుగవ గురువారము వారికి పెద్ద పండుగ. విస్కాన్సిన్‌లో ఆ పండుగకు ముందు వచ్చు శనివారమున తుపాకివేట మొదలై తొమ్మిది దినములు సాగును. పెన్సిల్వేనియాలో 2019కి పూర్వము పండుగ వెళ్లిన సోమవారమున మొదలయ్యెడిది. ఆ దినమున పల్లెప్రాంతపు బడులు పెక్కింటికి సెలవు. ఉపాధ్యాయులును వేటకు పోవుదురు, విద్యార్థులును పోవుదురు; ఇక బడి తెరచి ఏమి లాభము?

ఆ సంరంభమున పసివారికిని పాలు గలదు. ఎనిమిదేండ్లవాడు, పదేండ్ల పిల్ల, ఒక్కొక్కయెడ అంతకంటె చిన్నవారు, చీకటి విడకమునుపే లేచి, నారింజరంగు కోటు తొడిగి, తండ్రి వెంటనో తాత వెంటనో అడవికి నడతురు. తెలుగు పల్లెలనుండి ఆ దేశమునకు పోయి కాపురముండు కుటుంబములు నేడు వేలకొలది. పొరుగింటివాడు తన కొడుకుతోపాటు మన పిల్లవానినికూడ పంపుమని ఆదరముతో పిలుచును. పంపవచ్చునా, పంపకూడదా యని ఆ పిల్లవాని తండ్రి యిక్కడనున్న తన తండ్రిని ఫోనులో అడుగుట యిప్పుడు వింత కాదు. ఇచ్చట ఈ ప్రసంగమునకు కారణ మదియే.

మన దేశమున ఈ ప్రశ్నయే పుట్టదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దుప్పిని, కణితిని, కృష్ణజింకను వేటాడుట నేరమని శాసించినది. ఒంటిగ పోయినను నేరమే, పిల్లవానిని వెంటబెట్టుకొని పోయినను నేరమే. మాటవరుసకు అన్నిటిని జింక లందుము గాని, కృష్ణజింక కొమ్ములు ఒకసారి మొలచిన పిదప ఊడవు. దుప్పి కొమ్ములు ఏటేట ఊడి మరల మొలచును. అమెరికాలో వేటాడు తెల్లతోక మృగము ఈ రెండవ జాతిది. దానిని దుప్పి యనుటయే తగును.

చట్టము మనకొక విధముగను వారికొక విధముగను ఉండుటకు కారణమును తెలిసికొనవలెను. తోలునకును అంగడి మాంసమునకును విచ్చలవిడిగ చంపుటచే 1900 ప్రాంతమున తెల్లతోక దుప్పులు ఆ దేశమంతటను కలిపి 5 లక్షలకు మించి లేవని పండితుల అంచనా. 1900లో వచ్చిన లేసీ చట్టము, దొంగవేట సరుకును ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు దాటించి అమ్ముటను నిషేధించినది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టము వేట తుపాకులపైనను తూటాలపైనను వచ్చు పన్ను ధనమును వన్యమృగముల పునరుద్ధరణకే మరలించినది. వేటకాని సొమ్ముతోనే మృగము బ్రదికినదన్నమాట. నేడు ఆ దుప్పులు సుమారు 3 కోట్లు. తోడేళ్లను మనుష్యుడే తరిమివేసిన తావులలో వాని మందలు హద్దుమీరి, మొలకలను మేసి అడవిని ఎదుగనీయక, చేలలో పడి, రాత్రివేళ కారులకు అడ్డు వచ్చి, ప్రాణనష్టము కలిగించుచున్నవి. కావున ఏ ప్రాంతమున ఎన్నింటిని కొట్టవచ్చునో రాష్ట్రపు శాఖవారు ఏటేట లెక్కకట్టి అనుమతి చీట్లు ఇచ్చెదరు. ఆ లెక్కకు లోబడి జరుగు వేటను దొంగవేటతో సమముగ నెంచుట న్యాయము కాదు.

ఇక అసలు సంగతి. వేటకు వెంటబోవుట యొకటి, తుపాకి పట్టుట మరియొకటి. పెద్దలు ఈ రెండింటిని కలగాపులగము చేయుటవలననే చిక్కు వచ్చుచున్నది.

వెంటబోవు పిల్లవానికి వేట నేర్పు మొదటి విద్య గాలి. తుమ్మకుండ, దగ్గకుండ, కదలకుండ కూర్చున్నను, గాలి మనవైపునుండి దుప్పివైపునకు వీచెనా, అది మన వాసన పసిగట్టి కంటబడకయే తొలగిపోవును. అందుచే మంచి వేటకాడు పిల్లవానిచేత చిటికెడు బూడిదయో, ఎండిన గడ్డిపోచయో గాలిలో విడిపించి, అది యెటు పోవునో చూపి, కూర్చుండు తావును వానిచేతనే నిర్ణయింపజేయును. రెండవ విద్య నేల. బురదలో గిట్టల జాడ, మగదుప్పి కొమ్ములు రాచిన చెట్టు బెరడు, కాలితో గీరిన మట్టి, మేతకు పోవు దారి, పండుకొన్న గడ్డి పడక. వేట కాలమునకు నెలనాళ్ల ముందే తుపాకి లేకుండ పోయి ఇవన్నియు చూచి రావచ్చును. ఎనిమిదేండ్లవానికి ఆ నడకయే నిజమైన పండుగ.

నారింజరంగు కోటునందును ఒక పాఠము గలదు. దుప్పి కంటికి నారింజకును ఆకుపచ్చకును భేదము తెలియదు; మనుష్యుని కంటికి ఆ రంగు పొద్దుపొడుపువలె కొట్టవచ్చినట్లు కనబడును. మృగమునకు దాగి, తోటి వేటకానికి దాగకుండుటకై ఏర్పరచిన ఉపాయమిది. పెక్కు రాష్ట్రములలో ఇది శాసనము. విస్కాన్సిన్‌వారు 2016లో మెరయు గులాబిరంగునుకూడ అంగీకరించిరి.

ఈ దేశపు బాలురకు దశరథుని కథ తెలియనిది కాదు. అప్పటికి ఆయన యువరాజు. కౌసల్య యింకను ఇంటికి రాలేదు. శబ్దమును బట్టి కొట్టగలనను గర్వమొకటి. వానకాలపు చీకటిలో సరయూతీరమున నీటి చప్పుడు విని ఏనుగనుకొని బాణము విడిచెను. కడవతో నీరు ముంచుకొనుచున్న ముని కుమారుడు కూలెను. నేటి అమెరికాలో వేట నేర్పు తరగతులందు నాలుగు నియమములు చెప్పుదురు: ప్రతి తుపాకియు నిండియున్నదనియే భావింపుము, గొట్టమును ఎన్నడును మనుష్యునివైపు త్రిప్పకుము, గురిని, గురికి ఆవల ఏమున్నదో దానిని నిశ్చయముగ కంటితో చూచినగాని కాల్చకుము, కాల్చు క్షణమువరకు మీటపై వ్రేలు పెట్టకుము. వీనిలో మూడవ నియమమునకు దశరథుని కథకంటె మంచి పాఠము దొరకదు. అచ్చటి తెలుగు తల్లులు ఆ కథను ఈ సందర్భమున పిల్లలకు మరల చెప్పుట మేలు. 1949లో న్యూయార్క్ రాష్ట్రము పిన్నవయసు వేటగాండ్రకు ఈ శిక్షణను విధిగ చేసినది. తరువాత తక్కిన రాష్ట్రములును అనుసరించినవి, ప్రమాదములు బాగుగ తగ్గినవి.

ఇట్లు తగ్గుచున్న కాలమున వచ్చిన యొక మార్పు మాత్రము మెచ్చదగినది కాదు. విస్కాన్సిన్‌లో 2009నుండి పదేండ్లు నిండిన పిల్లలు పెద్దవాని చేయి అందునంత దూరములో నుండి వేటాడవచ్చుననియు, ఇద్దరికిని కలిపి ఒకే ఆయుధ ముండవలెననియు నియమ ముండెను. 2017 నవంబరులో చేసిన శాసనము ఆ వయఃపరిమితిని తొలగించెను. ఒకే ఆయుధమను కట్టుబాటునుకూడ తొలగించెను. ఆ యేడు ఏడాది నిండని శిశువుల పేరిట సయితము అనుమతి చీట్లు తీసిన తండ్రులు గలరు. వారు దానిని జ్ఞాపకార్థము పటము కట్టించుకొనుటకే తీసియుందురు గాని, చట్టము వేడుకవస్తువు కాదు. ఏ బిడ్డ యెప్పుడు తగినదో తండ్రియే యెరుగునని శాసనకర్తల వాదము. తండ్రి తన బిడ్డ నెరుగును, నిజమే. ఆ చెట్టుచాటున నున్న పరుల బిడ్డను ఎరుగడు. తుపాకి తూటా ఒక యింటి వ్యవహారము కాదు.

జర్మనీ పద్ధతి దీనికి విరుద్ధము. అచ్చట పదునారేండ్లు నిండి, మృగశాస్త్రము, ఆయుధములు, చట్టము మొదలగు విషయములలో కఠినమైన పరీక్ష నెగ్గినగాని అనుమతి దొరకదు. పదునెనిమిది నిండువరకు పెద్దవాని తోడు లేక వేటాడరాదు. చంపిన మృగము నోట పచ్చని కొమ్మ నొకదానిని కడసారి మేతగ నుంచుట అచ్చటి వేటగాండ్ర ఆచారము. కెనడాలో జేమ్స్ అఖాతపు తీరమున నుండు క్రీ జాతివారి పద్ధతి మరియొకటి. నడక వచ్చిన బిడ్డను గుడారమునుండి బయటకు నడిపించి, చేతికి బొమ్మతుపాకి యిచ్చి, వేటాడి తెచ్చినట్లు అభినయింపజేసి, పెద్దలు ఆశీర్వదింతురు. శరత్కాలమున మూస్ అను పెనుదుప్పి వేటకై వారి బడులకు సెలవులిత్తురు. వారికి వేట వినోదము కాదు, వంటయింటి వ్యవహారము. బిడ్డ పుట్టినది మొదలు మాంసము ఎక్కడినుండి వచ్చునో చూచుచునే పెరుగును. ఆ జీవనమునకు చెందిన ఆచారమును, వారాంతపు వేటకు పోవు పట్టణవాసి తన వాదమునకు సాక్ష్యముగ తెచ్చుకొనుట మాత్రము అతుకదు.

పిల్లవాని మనస్సు సంగతియు ఆలోచింపవలెను. తుపాకి మ్రోగిన వెంటనే మృగము అక్కడనే పడునని చిత్రములలో చూచి పిల్లలు అనుకొందురు. చాలసార్లు అది పరుగెత్తును. అర్ధగంటయో అంతకంటె ఎక్కువయో కదలక వేచియుండి, పిమ్మట నెత్తుటి జాడ పట్టి పోవలెను. నురుగుతోనున్న ఎఱ్ఱని నెత్తురైన ఊపిరితిత్తులకు తగిలినట్లు; నల్లనిదైన కాలేయమునకు; పచ్చదనమును దుర్గంధమును ఉన్నచో కడుపునకు తగిలినట్లు, అట్లైన గంటలకొలది వేచియుండవలెను. ఆ వేచియుండుట పెద్దవారికే బరువు. నేలకు దగ్గరగ నుండు పిల్లల చూపు, పెద్దలకు తప్పిన చుక్కను ఒక్కొక్కప్పుడు పట్టును. గాయపడిన ప్రాణిని వెదకక విడుచుట పాపమని వేరుగ బోధింపనక్కరలేదు. ఆ జాడవెంట నడచిన పిల్లవానికే తెలియును. కాని ఆ నడకకు ప్రతి బిడ్డయు తగదు. ఏడ్చు బిడ్డను పిరికియనుట, తొలివేట గురుతుగ నెత్తురు ముఖమున పూయుట కొన్ని తావుల ఆచారములు. బిడ్డ తానై కోరనప్పుడు అది క్రౌర్యమే.

గ్రంథాలయ సభ గావున ఒక పుస్తకము పేరు చెప్పుట తగును. మార్జొరీ కిన్నన్ రాలింగ్స్ 1938లో వ్రాసిన 'ది యర్లింగ్' అను నవలకు మరుసటి యేడు పులిట్జర్ బహుమానము వచ్చినది. ఫ్లారిడా అడవులలో తండ్రి వెంట వేటకు తిరుగు జోడీ యను బాలుడు తల్లిలేని దుప్పిపిల్లను తెచ్చి పెంచును. అది పెరిగి, ఆ పేదకుటుంబము ఏడాది బ్రదుకునకు నాటిన పైరును తినును. కడకు ఆ బాలుడే దానిని కాల్చవలసివచ్చును. వేటాడు ఇంట పెరిగినవాడు గావున వాని మనస్సు మొద్దుబారినదని అనుకొనువారు ఆ నవలను చదువవలెను.

మాంసము ముట్టని యింటి బిడ్డ వేటకు పోవచ్చునా యను సందేహమును కలదు. పోవచ్చును; జాడలు చూచి, పక్షులను చూచి, తుపాకి మ్రోగు దినమున ఇంట నుండవచ్చును. ఆ మాట పొరుగువానికి ముందే స్పష్టముగ చెప్పిన ఆయన నొచ్చుకొనడు.

పంపదలచినవారు పిలిచినవారిని కొన్ని ప్రశ్నలడుగుట అమర్యాద కాదు. మంచె యెక్కింతురా? అమెరికాలో వేటగాండ్రకు కలుగు దెబ్బలలో మంచెపైనుండి పడుటవలన కలుగునవే అధికము. పిల్లవానిని నేలమీది గుడారపు చాటున కూర్చుండబెట్టుట మేలు, అచ్చట కాస్త కదలినను దుప్పికి కనబడడు. ఎంతసేపు కూర్చుందురు? చిన్న దేహము త్వరగ చల్లబడును. గంట, రెండు గంటలు చాలును. చెవులకు మూతలు ఉన్నవా? తుపాకి మ్రోత చెవిని శాశ్వతముగ చెరుపగలదు. ఇంటికి వచ్చిన పిదప ఒళ్లంతయు వెదకవలెను. దుప్పులను ఆశ్రయించి బ్రదుకు పిడుదులు లైమ్ అను వ్యాధిని తెచ్చును. 1970ల మధ్యకాలమున కనెక్టికట్ రాష్ట్రములో లైమ్ అను ఊరి పిల్లల కీళ్లు వాచుటచేతనే ఆ వ్యాధి వైద్యుల దృష్టికి వచ్చినది.

కడపటిది తూటా. సీసపు తూటా దేహమున తగిలి కంటికి కనబడని తునుకలై మాంసములో చెదరును. 2008లో ఉత్తర డకోటా ఆరోగ్యశాఖవారు, సీసపు తూటాతో కొట్టిన మాంసమును ఆరేండ్లలోపు పిల్లలును గర్భిణులును తినరాదని సలహా యిచ్చిరి. రాగి తూటాలును అంగడిలో దొరకును. పొరుగింటివారు ప్రేమతో పంపిన దుప్పిమాంసపు పొట్లమును చంటిబిడ్డ కంచములో వడ్డించుటకు ముందు, అది ఏ తూటాతో కొట్టినదో కనుగొనవలెను.