ఊరు మారితే పేరు మారే పిల్లలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

జ్ఞాపకాలు చెప్పేవారు చాలామంది ఉన్నారు గనక ఆ పని వారికే వదిలేస్తాను. పిల్లల డాక్టరుగా ఇన్నేళ్లు మన రెండు జిల్లాల్లోనూ పనిచేశాను కాబట్టి, పిల్లల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు అన్నారు. ఆస్పర్జర్స్ సిండ్రోమ్ అనే మాట తీసుకుంటానంటే ఆయన కొంచెం తటపటాయించి, "మనవాళ్లకి తెలుస్తుందంటావా?" అన్నారు. ఆ ప్రశ్నే ఇవాళ నా విషయం.

ఇద్దరు పిల్లల సంగతి చెబుతాను. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. అన్నదమ్ముల బిడ్డలు. ఒకడు అమెరికాలో పుట్టాడు, ఒకడు పాలకొండ దగ్గర పల్లెలో. ఇద్దరూ రెండేళ్లకే అంకెలు చదివారు. ఇద్దరికీ రైళ్లంటే ప్రాణం. ఎదుటివాడి కళ్లలోకి చూడరు. పెళ్లిలో బ్యాండు మోగితే చెవులు మూసుకుని ఏడుస్తారు. అమెరికా పిల్లవాణ్ణి మూడేళ్లు దాటకుండానే పరీక్షించి ఆటిజం స్పెక్ట్రమ్ అన్నారు. అక్కడ 18 నెలలకీ 24 నెలలకీ ప్రతి బిడ్డనీ ఈ విషయంలో చూడాలని పిల్లల డాక్టర్ల సంఘం సిఫారసు. ప్రభుత్వ బడిలో వాడికోసం విడిగా ఒక ప్రణాళిక రాసి సంతకాలు పెట్టారు. ఇక్కడి పిల్లవాడికి పదమూడేళ్లు వచ్చేదాకా ఉన్న పేర్లు ఇవి: మాలోకం, ముంగి, పుస్తకాల పురుగు. నాయనమ్మ మాత్రం "ఆడి లోకం ఆడిది బావూ, ఒగ్గీండి" అనేదట. నిజానికి అందరిలోకీ ఆవిడే దగ్గరగా వచ్చింది.

బిడ్డలిద్దరూ ఒకటే. ఊరు మారితే పేరు మారింది, పేరుతోపాటు బతుకూ మారింది.

ఈ పేరు ఎలా పుట్టిందో కొంచెం చెప్పాలి. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజం అన్నాడు. మరుసటి ఏడే వియన్నాలో హాన్స్ ఆస్పర్జర్, మాటలు బాగా వచ్చి తెలివి ఉండీ నలుగురిలో ఇమడలేని మగపిల్లల గురించి రాశాడు. కానర్ ఇంగ్లీషులో రాశాడు, ఆస్పర్జర్ జర్మన్‌లో. అంతే తేడా. లండన్‌లో లోర్నా వింగ్ అనే డాక్టరమ్మ, తనకీ ఆటిజం ఉన్న కూతురు ఉంది, 1981లో దాన్ని వివరించి 'ఆస్పర్జర్స్ సిండ్రోమ్' అని పేరు పెట్టేదాకా ఇంగ్లీషు చదివే లోకానికి అది దాదాపు లేనట్టే. అసలు వ్యాసం పూర్తిగా ఇంగ్లీషులోకి వచ్చింది 1991లో. అంతకన్నా ముందు, 1925లో, మాస్కోలో గ్రూన్యా సుఖరేవా అనే ఆవిడ ఇలాంటి ఆరుగురు పిల్లల గురించి రష్యన్‌లో రాసింది. అది ఇంగ్లీషులో కనిపించడానికి 1996 దాకా పట్టింది. అంటే లండన్‌లోనూ న్యూయార్కులోనూ ఈ పిల్లలు తరాల తరబడి మాలోకాలుగానే పెరిగారన్నమాట. మనం వెనకబడిపోయామని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. తెలియడం అనేది ముందు భాష మీద ఆధారపడుతుందని చెప్పడానికే ఇదంతా.

ఆ పేరుకీ ఒక మచ్చ ఉంది. వైకల్యమున్న పిల్లల్ని చంపిన నాజీ వ్యవస్థకి ఆస్పర్జర్ సహకరించాడని 2018లో చరిత్రకారులు పత్రాలతో చూపించారు. అంతకుముందే 2013లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకం ఈ పేరు తీసేసి అంతా ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపేసింది. ఆ పేరుతోనే తమని తాము గుర్తించుకున్న పెద్దవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. స్వీడన్ అమ్మాయి గ్రెటా థన్‌బెర్గ్ తన గురించి చెప్పుకున్నది ఈ మాటతోనే. అందుకని నేనూ వాడుతున్నాను.

దేశాల తేడా వింతగా ఉంటుంది. దక్షిణ కొరియాలో గోయాంగ్ అనే నగరం దగ్గర 7 నుంచి 12 ఏళ్ల పిల్లలందర్నీ లెక్కలోకి తీసుకుని పరిశోధన చేశారు. 2011లో ఫలితం వచ్చింది: నూటికి 2.64. వారిలో మూడింట రెండు వంతుల మంది మామూలు బడుల్లోనే ఉన్నారు, ఏ డాక్టరూ చూడకుండా, ఏ పేరూ లేకుండా. ఎందుకు లేదూ అంటే, రాయ్ గ్రింకర్ అనే మానవశాస్త్రవేత్త, ఆటిజం ఉన్న అమ్మాయికి తండ్రి, కొరియా వెళ్లి విన్న కారణం మనకి కొత్త కాదు. ఆటిజం అంటే వంశానికి మచ్చ, తోబుట్టువుకి సంబంధం కుదరదు. దానికన్నా తల్లి పెంపకంలో లోపమని రాయించుకోవడమే మేలనుకున్న కుటుంబాలున్నాయట. తల్లి తన నెత్తిన నింద వేసుకుని పెద్దపిల్ల పెళ్లి కాపాడుతుందన్నమాట. ఇది మన బొబ్బిలిలోనో నరసన్నపేటలోనో జరగదని ఎవరైనా అనగలరా?

ఫ్రాన్సు డబ్బున్న దేశమే. అయినా అక్కడ చాలాకాలం దీన్ని తల్లీబిడ్డల అనుబంధంలో తేడాగా చూసే మనోవిశ్లేషణే చలామణీ అయింది. తల్లిదండ్రులు పోరాడితే 2012లో ఆటిజాన్ని ఆ ఏటి జాతీయ లక్ష్యంగా ప్రకటించారు. జపాన్ దారి వేరు. 2004లో చట్టం చేసి, అందులో ఆస్పర్జర్స్ అనే పేరు నేరుగా రాశారు. ఊరూరా తెలిసింది. తెలిశాక ఆ మాటని ముక్క చేసి 'అసుపె' అని పిల్లలు తిట్టుకోవడం మొదలెట్టారు. తెలియడం ఒక్కటే అన్నిటికీ మందు కాదు.

మన దేశం సంగతి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం స్పెక్ట్రమ్ ఉంది. కొలవడానికి సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ 40 అంశాల కొలబద్ద తయారుచేసింది. చిక్కు ఎక్కడంటే, రాయితీలు ఎక్కువగా దక్కేది వైకల్యం నూటికి 40 గానీ అంతకుమించి గానీ ఉన్న వారికి. మాటలొచ్చి, మార్కులొచ్చి, లోపల నలిగిపోయే పిల్లవాడు ఆ గీత దగ్గర ఆగిపోతాడు. సదరం శిబిరంలో అందరి మధ్యా కూర్చోబెట్టి పదమూడో ఎక్కం అడిగితే గబగబా చెప్పేస్తాడు. అంతటితో, ఈ గుంటడికేటి, బంగారంలా ఉన్నాడు అంటారు.

ఇక్కడ మన ఉద్దానం గుర్తు తెచ్చుకోండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు మనుషులు కిడ్నీలు పాడై పోతున్నారని బయటి లోకానికి తెలిసింది రక్తపరీక్షలు మొదలయ్యాకే. అంతకుముందు జబ్బు లేదా? ఉంది, కొలిచేవారు లేరు. ఆటిజం కిడ్నీ జబ్బులాంటిది కాదు, అసలు జబ్బే కాదు, మెదడు అల్లికలో తేడా. కానీ లెక్కల తీరు ఒక్కటే. అమెరికాలో 2000 నాటి లెక్కలో 150 మంది పిల్లల్లో ఒకరు, 2022 నాటి లెక్కలో 31 మందిలో ఒకరు. పిల్లలు ఒక్కసారిగా అంత మారిపోలేదు. పెరిగిన దానిలో పెద్ద భాగం చూసే కళ్లు పెరగడం, గీత వెడల్పు కావడం.

మన దగ్గర ఈ పిల్లల్ని బాగా దాచేది ఏమిటో తెలుసా? మార్కులు. మనది ఏకసంతగ్రాహిని నెత్తిన పెట్టుకునే సంస్కృతి. విజయనగరంలో పుట్టి అవధానం మెచ్చుకోనివారుంటారా? పంచాంగం మొత్తం అప్పజెప్పే పిల్లవాడికి చప్పట్లు కొడతాం. వాడికి ఒక్క స్నేహితుడూ లేడని ఎవరూ అడగరు. పదో తరగతి దాకా ఇంట్లో అమ్మ ఉంటుంది, అదే కంచం, అదే మూల, అదే దారి. తర్వాత విశాఖపట్నంలోనో విజయవాడలోనో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేస్తాం. ఒక గదిలో పదిమంది, తెల్లవారక ముందే గంట, వారంవారం మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు, మెస్సులో పళ్లేల చప్పుడు. మామూలు పిల్లలే తట్టుకోలేని చోటది. ఈ పిల్లవాడు రెండు నెలలకి మాట మానేస్తాడు, లేదా గోడ దూకి ఇంటికొచ్చేస్తాడు. అప్పుడు నా దగ్గరకి తెస్తారు, "చదువు తప్పించుకోడానికి నాటకాలు సార్" అంటూ. అలా వచ్చిన తండ్రుల్లో నేను కోపం కన్నా భయమే ఎక్కువ చూశాను. పొలం తాకట్టు పెట్టి కట్టిన ఫీజు మరి.

ఆడపిల్లలైతే ఇంకా కనబడరు. నోరెత్తని పిల్లని మనం అణకువ అంటాం. ఎదుటివారిని చూసి నవ్వు కూడా నేర్చుకుని నటించే ఆ పిల్ల సాయంత్రానికి ఎంత అలిసిపోతుందో అత్తారింటికి వెళ్లాక బయటపడుతుంది.

ఏమీ లేదని మాత్రం అనను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చే బృందాల జాబితాలో ఆటిజం ఉంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. కానీ అక్కడ ముందు కనిపించేది నడవలేని, మాట రాని పిల్లలే. అది న్యాయమే. మాట వచ్చిన పిల్లవాడిని గుర్తించవలసింది తరగతిలో ఉన్న పంతులు గారే. ఆయనకి ఈ సంగతి తెలుగులో చెప్పినవారేరి? తల్లి ఫోనులో తెలుగులో వెతికితే ముందు ఎదురయ్యేది, నయం చేస్తామనే ప్రకటన. మూలకణాలు ఎక్కిస్తామంటారు, లక్షలు తీసుకుంటారు. 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఆటిజానికి మూలకణ చికిత్స ఆమోదించినది కాదు. ఆ వాక్యం మాత్రం తెలుగులో వెతికినంత సులువుగా దొరకదు.

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవరల మధ్య కూర్చుని, వాళ్ల నోటి మాటలు విని నిఘంటువు కట్టారు. ఇదీ అలా జరగవలసిన పనే. 'సామాజిక సంభాషణా లోపం' అని రాస్తే పలాసలో తల్లికి ఏం తెలుస్తుంది? "మనం నవ్వులాటకన్న మాట నిజమనుకుంటాడా? రోజూ వెళ్లే దారి మార్చితే గోల చేస్తాడా?" అని అడిగితే తెలుస్తుంది.

అందుకే సంఘానికి రెండు అడుగుతున్నాను. స్వర్ణోత్సవ నిధితో కట్టబోయే గదుల్లో ఒకటి చిన్నది, గంట చప్పుడుకి దూరంగా, ఫ్యాను చప్పుడు చేయనిది, అలాంటి పిల్లవాడు ఓ పావుగంట కూర్చోడానికి వదలండి. రెండోది, పదో తరగతి ఫలితాలొచ్చాక హాస్టల్ గురించి సలహాకి మీ దగ్గరకొచ్చే తల్లిదండ్రులకి, వాళ్ల పిల్లవాడు గుంపులో ఎలా ఉంటాడని ఒక్క ప్రశ్న వేయండి.

ఆ ప్రశ్నలన్నీ మన మాటల్లో రెండు పేజీలు రాసి, జెరాక్సులు తెచ్చాను. భోజనాల తర్వాత ఏడో తరగతి గదిలో ఉంటాను. నలుగురిలో అడగడం ఇష్టం లేనివారు అక్కడికి రండి.