మందు మోతాదు - నర్సు లెక్క

పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని కర్మాగారములనుండి మందుల పొడి పీపాలలో బయలుదేరును. అచ్చటి లెక్క కిలోగ్రాములలో. ఆ పొడియే మాత్రగానో సిరపుగానో మారి రోగి మంచము చేరునప్పటికి లెక్క మిల్లీగ్రాములలోనికి దిగును. కిలోగ్రామునకు పది లక్షల మిల్లీగ్రాములు! ఈ మెట్లన్నిటిలో చివరి మెట్టుపై నిలుచునది నర్సు. కనుకనే నర్సింగు పాఠశాలలలో మోతాదు లెక్కలకు అంత పట్టింపు.

అచ్చట నేర్పు సూత్రము చిన్నది. వైద్యుడు వ్రాసిన మోతాదును సీసాలోని మందు బలముచే భాగించి, ఆ బలము ఎంత ద్రవములో ఉన్నదో దానిచే గుణింపవలెను. త్రైరాశికము వచ్చిన మన పెద్దలకు ఇందు క్రొత్త యేమియు లేదు. చిక్కు గణితములో కాదు, సీసాపై చీటీ చదువకముందే గుణకారమునకు దిగుటలో ఉన్నదని మా అభిప్రాయము.

ఒక ఉదాహరణము చూతము. 12 కిలోల బరువుగల బిడ్డకు జ్వరము. కిలోకు 15 మి.గ్రా. చొప్పున పారాసిటమాల్ ఇమ్మని వైద్యుని ఆజ్ఞ. మొత్తము 180 మి.గ్రా. ఇంతవరకు ఎవరును తడబడరు. కాని ఈ మందు మన అంగళ్లలో పలు బలములలో దొరకును. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్న సిరపైనచో 7.2 మి.లీ. పోయవలెను, 250 ఉన్నదైనచో 3.6, ఒక మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉన్న పసిపిల్లల చుక్కల మందైనచో 1.8 మాత్రమే. బిడ్డ ఒకడే, మందు పేరొకటే, సమాధానములు మూడు. చుక్కల మందును సిరపనుకొని 7.2 మి.లీ. పోసినచో కడుపులోనికి పోవునది 720 మి.గ్రా., అనగా నాలుగింతలు. అతిగా చేరిన పారాసిటమాల్ కాలేయమును దెబ్బతీయును. గుణకారము మాత్రము తప్పలేదు సుమా! ఇంట వంటచెంచాతో మందు పోయు తల్లులును ఈ సంగతి గమనింపవలెను.

ఇన్సులిన్ సంగతియు ఇట్టిదే. మి.లీ.కు 100 యూనిట్లు ఉన్న సీసానుండి, 40 యూనిట్ల మందుకై చేసిన సిరంజితో 20వ గీతవరకు లాగినచో వచ్చునది 20 కాదు, 50 యూనిట్లు.

కాగితముపై లెక్క వేయకముందే జవాబు ఎంతలో ఉండవలెనో ఊహించుట మంచి అలవాటు. ఆ బిడ్డకు 72 మి.లీ. అని వచ్చినచో, సిరపు సీసాయే సాధారణముగా 60 మి.లీ. కదా! దశాంశపు చుక్క జరిగినదని అప్పుడే తెలియును.

ప్రమాణములు మార్చుట అభ్యసింపగోరు విద్యార్థులకు పటాన్‌చెరులోనే ఒక లెక్క ఉన్నది. సుమారు 90 మందుల కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రము అచ్చట ఉండెను. దానినుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31,000 మైక్రోగ్రాములవరకు ఉన్నదని 2007వ సంవత్సరమున స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వేయి మైక్రోగ్రాములు ఒక మిల్లీగ్రాము. కనుక అది లీటరుకు 31 మి.గ్రా. రోగికిచ్చు మాత్రలలో 500 మి.గ్రా.లది వాడుకలో ఉన్నది. భాగించి చూచినచో ఇంచుమించు 16 లీటర్లు వచ్చును. అనగా బిందెడు నీటికి ఒక మాత్ర, అదియు శుద్ధి చేసిన పిమ్మట.