ఏటి నాడి చూచుట



నేను ఏలూరివాడను. మా తమ్మిలేరు చింతలపూడి మెట్టలమీదుగా దిగివచ్చి, పట్టణముకడ రెండు పాయలై, కొల్లేటిలో కలియును. ఆ సరస్సు చెడినదని విచారింపనివారు మాలో లేరు. పట్టణమువారు చేపల చెఱువులను నిందింతురు. చెఱువులవారు పట్టణపు మురుగును నిందింతురు. నేనును చిరకాలము చెఱువులనే నిందించితిని.

సరస్సునకు రక్షణ లేకపోలేదు. 1999లో అయిదవ కాంటూరువఱకు అభయారణ్యమైనది. 2002లో రామ్‌సార్ పట్టికలో చేరినది. 2006లో చెఱువుగట్లు పెక్కింటిని తెగగొట్టిరి. అయినను ఎగువనుండి వచ్చు నీటికి కాంటూరు హద్దు తెలియదుగదా! కావున మొదట ఏటి నాడి చూడవలెను.

ఒకమాఱు కొల్లేటియొడ్డున నొక ముసలి జాలరిని నీరెట్లున్నదని యడిగితిని. అతడు బుట్టలోని కొరమీనును జూపి, "ఇది బతికుంటే నీళ్లు మంచివే గదా, బాబుగారూ" అనెను. సాక్ష్యము వినుటకింపుగా నున్నదికాని, సాక్షి నమ్మదగినది కాదు. కొరమీను మూతి పైకెత్తి గాలినే పీల్చుకొనగలదు. నీటిలో ప్రాణవాయువు క్షీణించినను బ్రతుకును. బొచ్చె, శీలావతి చేపలకా శక్తి లేదు. అవి తెల్లవాఱుజామున నోళ్లు తెఱచి పైకి తేలినచో నీరు జబ్బుపడినదని యెఱుగవలెను. పగలు నాచు ప్రాణవాయువును విడుచును. రాత్రి నాచును, చేపయు దానినే పీల్చుకొనును. రొయ్యల రైతులు రాత్రులందు ఏరేటర్లు త్రిప్పుట యిందులకే. చేపలుండు నీటిలో లీటరుకు 4 మిల్లీగ్రాములకు తక్కువ కాని ప్రాణవాయువుండవలెనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణము. మిట్టమధ్యాహ్నము కొలిచి సంతోషించుట వ్యర్థము.

వరదనాటి రంగును జూచి భయపడుటయు నంతే. తాడేపల్లిగూడెమువైపు ఎఱ్ఱకాలువ పొంగినపుడు నీరు బురదయగును. ఆ బురద చేలకు నష్టమే. కాని మట్టి కలిసిన నీరెల్ల జబ్బునీరు కాదు.

సీసాలో పట్టిన నీరు ఆ గడియ సంగతియే చెప్పును. అడుగున నివసించు పురుగులు నెలల సంగతి చెప్పును. పాఱు నీటిలో రాళ్లక్రింద మూడుతోకల చిన్న పురుగొకటి పెరుగును. రెక్కలు వచ్చిన పిమ్మట దానికి ఆయువు స్వల్పము. మురుగును అది సహింపదు. బురదలోని సన్నని యెఱ్ఱపురుగు సహించును. దాని యెఱుపు మన రక్తపుటెఱుపు వంటిదే. దొరకిన కొంచెపు ప్రాణవాయువును పట్టియుంచుకొనును.

ఈ తెలివితో ఒక ఉదయము జల్లెడ చేతబట్టి పోయితిని. పట్టణమునకు బాగుగా ఎగువను మూడుతోకల పురుగులు దొరకినవి. దిగువ పాయలో, చేపల చెఱువుల నీరింకను కలియకమునుపే, ఎఱ్ఱపురుగులు తప్ప వేఱొకటి కానరాలేదు. నడుమనున్నది మా యూరు. మా యింటి తూమునీరును ఆ పాయలోనికే పోవుచున్నది.

ఒక్క ఉదయముతో తీర్పు చెప్పరాదు. వానలు తగ్గిన పిమ్మట మరల పోవలసియున్నది. ఈ మాఱు చెఱువుల నీరు కలియుచోటికి దిగువను గూడ జల్లెడ వేసెదను. ముసలి జాలరి తోడువచ్చెదనని మాట యిచ్చినాడు.